నాయన తుపాకిని పార్శిల్ చేయమంటున్నాడు అన్న

అనంతపురంలో టీచరుగా పనిచేస్తున్న ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఊరు తెలియనివ్వొద్దని కోరారు. అందుకే ఆనవాళ్ళు తీసేసి విషయం మాత్రం చెబుతున్నాను.

వాళ్ళది కళ్యాణదుర్గం వైపు పల్లె. నాయన వేరుశనగ రైతు. ఆయనకు లైసెన్సు ఉన్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకి ఉండేది. పందుల కాపలాకనీ, ఊళ్ళో పార్టీల గొడవలున్న రోజుల్లో ఇంటి రక్షణకనీ తీసుకున్నది. నాయన పోయి ఆరు నెలలు దాటింది. పల్లెలోని ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. తుపాకి చెక్క బీరువాలో ఉంది, పక్కనే రేకు డబ్బాలో తూటాలున్నాయి. బీరువా తాళం ఈ సోదరి దగ్గరే ఉంది.

అన్న బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, కొత్త ఇల్లు కట్టుకున్నాడు. తుపాకి తనకు కావాలంటున్నాడు. "అది మూడు ముక్కలుగా ఊడొస్తుంది. గొట్టాలు ఒక పార్శిల్, కట్టె ఇంకో పార్శిల్. దుప్పట్లలో చుట్టి, వ్యవసాయ పనిముట్లని రాసి పంపించు. పోస్టయినా సరే, కొరియరయినా సరే, లేదంటే ప్రైవేటు బస్సులో వెయ్యి" అన్నాడట. టెక్సాస్‌లో ఉన్న స్నేహితుడు అక్కడ తుపాకులు పోస్టులోనే పంపుకుంటారని చెప్పాడట. నాయన ఉన్నప్పుడు రిపేరుకని తానే తుపాకిని కర్నూలు తీసుకెళ్ళి తెచ్చానని, అప్పుడు లేని తప్పు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని అడుగుతున్నాడట. ఈమె వెనకాడేసరికి మాట్లాడటం మానేశాడు. "వాని మనసు ఎందుకు కష్టపెడతావు, ఇచ్చెయ్యమ్మా" అంటోంది అమ్మ. పక్కింట్లో ఉండే చిన్నాయన తనకూ లైసెన్సు ఉంది కాబట్టి అంతవరకూ తన దగ్గర పెట్టమంటున్నాడు. భర్తేమో ఈ తలనొప్పి మనకెందుకు, ఎవరికీ చెప్పకుండా పాడుబావిలో పడేద్దాం అంటున్నాడు. ఆమె చివర ఇలా అడిగారు: "తుపాకి పోస్టులో పంపొచ్చా? పంపకూడదంటే నేనేం చేయాలి? నాయన ఆస్తి కొడుకుకు పోకుండా నేను అడ్డుపడుతున్నానా?"

అమ్మా, ముందు మీ మొదటి ప్రశ్నకు జవాబు. పంపకూడదు. పోస్టులో కాదు, కొరియర్‌లో కాదు, బస్సు డ్రైవరు చేతికిచ్చి కూడా కాదు. పనిముట్లని రాసి పంపడం ఇంకా పెద్ద తప్పు. ఎందుకో వివరంగా చెబుతాను. అది తెలిస్తే అన్నతో మాట్లాడేటప్పుడు మీకు ధైర్యంగా ఉంటుంది.

మన దేశంలో తుపాకుల వ్యవహారమంతా 1959 ఆయుధాల చట్టం కింద నడుస్తుంది. దాని మూడో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేని మనిషి తుపాకిని సంపాదించకూడదు, దగ్గర పెట్టుకోకూడదు, వెంట తీసుకుపోకూడదు. పార్శిల్ చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ప్యాక్ చేసే మీకు లైసెన్సు లేదు. కౌంటర్లో తీసుకునే మనిషికి లేదు. లారీలోనో బస్సులోనో తీసుకుపోయే డ్రైవరుకు లేదు. బెంగళూరులో సంతకం పెట్టి తీసుకునే మీ అన్నకూ లేదు. ఎవరి చేతిలో ఉన్నంతసేపు వాళ్ళు కేసులో ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. వాళ్ళలో డ్రైవరుకు, కౌంటర్లో కుర్రవాడికి డబ్బాలో ఏముందో కూడా తెలియదు. కర్ణాటక సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి సామాను దించితే ముందు పట్టుబడేది వాళ్ళే. తరువాత పంపినవారి పేరు చూస్తారు. అక్కడ ఉండేది మీ పేరు.

ముక్కలుగా విడదీస్తే తుపాకి కాదనే భ్రమ చాలామందిలో ఉంది. చట్టం ఆయుధం అంటే ఏమిటో చెప్పేచోటే దాని విడిభాగాలను కూడా చేర్చింది. గొట్టాలు ఒకచోట, కట్టె ఒకచోట పంపితే తప్పు సగమవదు, అలాంటి పార్శిళ్ళు రెండవుతాయి. పైగా విడదీసి దుప్పట్లో చుట్టి, తప్పుడు పేరు రాశారంటే తెలిసే చేశారని మీరే సాక్ష్యం తయారుచేసి ఇచ్చినట్టు. పొరపాటున చేశానని చెప్పుకునే దారి అక్కడితో మూసుకుపోతుంది.

ఇక తూటాలు. పేలుడు స్వభావం ఉన్న వస్తువులు, ప్రమాదకరమైనవి తపాలాలో పంపకూడదన్న నియమం 1898 నాటి తపాలా చట్టంలోనే ఉండేది. ఆ పాత చట్టం స్థానంలో 2023 తపాలా చట్టం వచ్చింది, 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. అనుమానం వచ్చిన పార్శిల్‌ను ఆపి, తెరిపించే అధికారం ప్రభుత్వానికి ఉంది. చట్టం సంగతి అటుంచినా, ఎన్నేళ్ళ నాటివో తెలియని తూటాలను మే నెల ఎండలో లారీ అడుగున వేసి పంపించడం మనుషుల ప్రాణాలతో ఆడుకోవడమే. నేను దీన్ని గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

టెక్సాస్ స్నేహితుడి మాట పూర్తిగా అబద్ధం కాదు, కానీ అందులో సగమే ఉంది. అమెరికాలో కూడా చేతిలో ఇమిడే పిస్తోళ్ళు, రివాల్వర్లను మామూలు మనుషులు పోస్టులో పంపకూడదని 1927లోనే చట్టం చేశారు. రైఫిళ్ళు, షాట్‌గన్‌లకు కొంత వెసులుబాటు ఉంది. వాటిలో తూటా ఉండకూడదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపాలంటే లైసెన్సున్న డీలరు పేరుకే పంపాలి, అవతలి మనిషి డీలరు దగ్గర నియమాల ప్రకారం తీసుకోవాలి. తూటాలను అక్కడి పోస్టాఫీసు అసలే తీసుకోదు. ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. 1963లో అధ్యక్షుడు కెన్నెడీని చంపిన రైఫిల్‌ను ఆస్వాల్డ్ షికాగోలోని ఒక దుకాణం నుంచి మారుపేరుతో, డాలస్‌లోని పోస్టుబాక్సు చిరునామాకు తెప్పించుకున్నాడు. ఆ తరువాత 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం, రాష్ట్రాలు దాటి నేరుగా ఇంటికి తుపాకులు తెప్పించుకునే పద్ధతిని ఆపేసింది. అంటే తుపాకి కొనడం మనకంటే ఎంతో సులువైన దేశంలో కూడా మీ అన్న చెప్పినట్టు పంపితే కుదరదు. అనంతపురానికీ బెంగళూరుకూ మధ్య రాష్ట్రం సరిహద్దు ఉంది, చట్టం మాత్రం మొత్తం దేశానికి ఒకటే. ఇక్కడ టెక్సాస్ నియమం నడవదు.

కర్నూలు రిపేరు సంగతి అన్న అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి సరైన జవాబు ఇవ్వకుండా "అప్పుడు వేరు, ఇప్పుడు వేరు" అంటే ఆయనకు కోపం రావడం సహజం. లైసెన్సుదారు బతికి ఉన్నప్పుడు, ఆయన రాతపూర్వకంగా అనుమతిస్తే ఇంకొకరు ఆ తుపాకిని రిపేరుకో, లైసెన్సు రెన్యువల్‌కో తీసుకెళ్ళవచ్చని మూడో సెక్షన్‌లోనే వెసులుబాటు ఉంది. నాయన రాసిచ్చిన కాగితం పట్టుకుని అన్న కర్నూలు వెళ్ళి ఉంటే అది చట్టప్రకారం చేసిన పనే. ఆ అనుమతి ఇవ్వగలిగిన మనిషి ఇప్పుడు లేడు. అమ్మ రాసివ్వలేదు, మీరు రాసివ్వలేరు. లైసెన్సు నాయన పేరు మీద ఉన్నది, నాయనతోనే ముగిసింది.

మీ ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది పార్శిల్ కాదు, ఆ బీరువా తాళం. తుపాకి కావాలనేది అన్న. ఇచ్చెయ్యమనేది అమ్మ. సలహాలిచ్చేది చిన్నాయన, మీ ఆయన. ఇవాళ ఎవరైనా వచ్చి బీరువా తెరిపిస్తే జవాబు చెప్పుకోవలసింది మాత్రం ఆ ఇంట్లో ఉంటున్న అమ్మ, తాళం పెట్టుకున్న మీరు. లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకుంటే 2019 సవరణ తరువాత శిక్ష రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా జైలు, దాని మీద జరిమానా. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. బాధ్యత ఎవరి మీద ఉందో వాళ్ళ మాటే ముందు చెల్లాలి అని చెప్పడానికి చెబుతున్నాను. అడ్డుపడుతున్నానా అని మీరు మిమ్మల్నే నిందించుకుంటున్నారు. ఆరు నెలలుగా ఇంటి భారమంతా మోస్తున్నది మీరు.

ఇప్పుడు ఏం చేయవచ్చో చూద్దాం. దారులు కొన్ని ఉన్నాయి, దేని కష్టం దానికి ఉంది. ఏ దారిలో వెళ్ళినా మొదటి అడుగు మాత్రం ఒకటే: తుపాకి ఆ బీరువాలోంచి చట్టం ఒప్పుకునే చోటికి వెళ్ళాలి. ఏ కారణం వల్లనైనా తుపాకి దగ్గర ఉంచుకోవడం చెల్లని పరిస్థితి వస్తే, అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ జమ చేయాలని చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. ఇది మీకు కొత్తేమీ కాదు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా నాయన తుపాకిని స్టేషన్‌లో జమ చేసి, ఫలితాలొచ్చాక తెచ్చుకుని ఉంటారు కదా. మన సీమలో లైసెన్సు తుపాకి ఉన్న ప్రతి ఇంటికీ అది అలవాటే. ఆ రసీదులు నాయన ఫైల్లో తప్పకుండా ఉంటాయి. వెతకండి. తుపాకి నంబరు, లైసెన్సు నంబరు, ఏ స్టేషన్ పరిధి అన్నది వాటిలో ఉంటుంది. లైసెన్సు పుస్తకం మీద యూఐఎన్ అనే నంబరు ఉందేమో కూడా చూడండి. దేశంలోని లైసెన్సులన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు ఇచ్చిన నంబరు అది.

స్టేషన్‌లో పెడితే పని వెంటనే అయిపోతుంది. కష్టమేమిటంటే అక్కడ ఎవరూ దానికి నూనె రాయరు, తుడవరు. చాలా కాలం అలాగే పడి ఉంటే తుప్పు పడుతుంది. డీలరు దగ్గరైతే రుసుము కట్టాలి గానీ వస్తువు బాగుంటుంది, అమ్మాలనుకుంటే అక్కడి నుంచే అమ్మవచ్చు. నా మాట అడిగితే ముందు స్టేషన్‌లో జమ చేయండి. ఆరు నెలలు గడిచిపోయాయి కాబట్టి డీలర్ల కోసం వెతుకుతూ ఇంకో నెల పోగొట్టుకోవద్దు. తరువాత అనుమతి తీసుకుని డీలరు దగ్గరికి మార్పించుకోవచ్చేమో అడగండి.

ఆలస్యమైనందుకు కేసు పెడతారేమోనని మీరు భయపడుతున్నారు. పెట్టరని నేను హామీ ఇవ్వలేను. కానీ తనంతట తాను కాగితంతో వచ్చి, మరణ ధ్రువపత్రం చూపించి జమ చేసిన కుటుంబానికీ, సోదాలోనో చెక్‌పోస్టులోనో దొరికిన కుటుంబానికీ చాలా తేడా ఉంటుంది. ఎందుకు ఆలస్యమైందంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాయన పోయిన దుఃఖం, అమ్మ ఒంటరితనం, విషయం తెలియకపోవడం. కల్పించి ఏమీ చెప్పొద్దు. వెళ్ళే ముందు అనంతపురంలో క్రిమినల్ కేసులు చూసే ఒక న్యాయవాదికి మీ కాగితాలు చూపించి గంటసేపు మాట్లాడండి. ఆ ఫీజు దండగ కాదు.

తుపాకి జమ అయ్యాక మీ కుటుంబానికి తీరిక దొరుకుతుంది. జమ చేసినంత మాత్రాన హక్కు పోదు. నిర్ణీత గడువులోగా వారసులు లైసెన్సు తెచ్చుకుని తిరిగి తీసుకోవచ్చు, లేదా లైసెన్సున్న మరొకరికి అమ్మి ఆ డబ్బు తీసుకోవచ్చు. గడువు దాటే దాకా ఎవరూ పట్టించుకోకపోతే ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. జమ చేసే రోజే ఆ గడువు ఎప్పటిదాకా అని అడిగి రాసుకోండి.

అన్నకు నిజంగా కావాలంటే దారి ఉంది. లైసెన్సుదారు మరణించాక వారసుడికి లైసెన్సు ఇచ్చే పద్ధతి 2016 ఆయుధాల నిబంధనల్లో ఉంది. ఆయన బెంగళూరు నివాసి కాబట్టి అక్కడి పోలీస్ కమిషనర్ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. మన జిల్లాల్లో ఈ పని కలెక్టరు చూస్తారు. మిగిలిన వారసులు, అంటే అమ్మ, మీరు, అభ్యంతరం లేదని రాసివ్వాలి. తుపాకిని భద్రంగా వాడటంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఇంట్లో దాన్ని ఎక్కడ, ఎలా దాస్తారో చెప్పాలి. పోలీసులు విచారించి రిపోర్టు ఇస్తారు. ఇదంతా అయినా లైసెన్సు వచ్చి తీరుతుందని లేదు. నాయనకు పొలం ఉంది, పందుల బెడద ఉంది, ఊరి పరిస్థితులున్నాయి. బెంగళూరు అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న ఇంటికి తుపాకి ఎందుకని అధికారి అడిగితే అన్న జవాబు చెప్పుకోవాలి. తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు. మంజూరైతే ఆ లైసెన్సులో ఈ తుపాకి నంబరు ఎక్కించుకుని, ఆయనే స్వయంగా వచ్చి, సంతకం పెట్టి, తన వెంట తీసుకుపోతాడు. అప్పుడు దుప్పట్లో చుట్టాల్సిన పని ఉండదు, చెక్‌పోస్టులో ఎవరు అడిగినా పుస్తకం చూపిస్తాడు. ఇందులో నెలలు పడతాయి. ఆ నెలలే ఆయనకు విసుగు. గోడకు వేలాడదీసి నలుగురికీ చూపించడమే ఉద్దేశమైతే మాత్రం, లైసెన్సు వచ్చినా అది తుపాకిని ఉంచే పద్ధతి కాదని చెప్పండి. పిల్లలు తిరిగే ఇల్లది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. నాయన ఆస్తికి అమ్మ వారసురాలు, మీరూ వారసురాలే, అన్నతో సమానంగా. తుపాకి కొడుకుకే పోవాలన్న నియమం చట్టంలో ఎక్కడా లేదు. ఇరవై ఒక్కేళ్ళు నిండి అర్హత ఉంటే మీరూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీకు తుపాకి మీద ఆశ లేదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అయినా చెబుతున్నాను, ఎందుకంటే "అభ్యంతరం లేదు" అని మీరు పెట్టే సంతకం మీ హక్కును మీరు మనస్ఫూర్తిగా వదులుకుంటున్నానని చెప్పే సంతకం. దాన్ని టెన్షన్‌తోనో, అన్న మాట్లాడటం మానేశాడన్న బాధతోనో పెట్టకండి. అమ్మ విషయమూ అంతే. "ఇచ్చెయ్యమ్మా" అంటున్నది కొడుకు మనసు గురించి. ఆమెకు ఏం కావాలో ఎవరైనా అడిగారా? అన్న ఫోన్‌లో లేనప్పుడు, మీ ఆయన పక్కన లేనప్పుడు ఒకసారి అడగండి. ఒంటరిగా ఉండే ముసలామెకు ఆ బీరువా ధైర్యం ఇస్తోందో, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వడం లేదో ఆమె నోటితో వినండి. ఊరికంతా ఆ ఇంట్లో తుపాకి ఉందని తెలుసు, మగదిక్కు లేదనీ తెలుసు. దొంగలు పడితే వాళ్ళకు ముందు కావలసింది అదే.

అమ్మేయడం ఇంకో దారి. లైసెన్సున్న వ్యక్తికి గానీ, డీలరుకు గానీ అమ్మి, వచ్చిన డబ్బు ముగ్గురూ పంచుకోవచ్చు. ఇందులో ఎవరికీ చట్టం తలనొప్పి మిగలదు. కానీ నాయన చేతిలో ముప్పై నలభై ఏళ్ళు ఉన్న వస్తువు తెలియని చేతికి పోతుంది. మీ అన్న దాన్ని ఎప్పటికీ మరచిపోకపోవచ్చు. ఆయన్ను అడగకుండా ఈ దారి పట్టకండి. ఎవరికీ వద్దనుకుంటే ప్రభుత్వానికి శాశ్వతంగా అప్పగించవచ్చు. అప్పుడు డబ్బు రాదు, మనసు తేలికవుతుంది.

చిన్నాయన చెప్పిన దారి తేలికగా కనిపిస్తుంది గానీ అదీ కుదరదు. ఆయన లైసెన్సు ఆయన తుపాకికి మాత్రమే. మీ నాయన తుపాకి నంబరు ఆయన పుస్తకంలో ఎక్కకుండా ఆయన ఇంట్లో ఉంటే, అదీ లైసెన్సు లేని తుపాకితో సమానమే. ఎక్కించుకోవాలంటే ఆయనా అధికారుల దగ్గరకు పోవాల్సిందే, అదీ ఒక్కొక్కరికి రెండు తుపాకులే అన్న పరిమితికి లోబడి. 2019 దాకా మూడు ఉండేవి, సవరణలో రెండుకు తగ్గించారు. సహాయం చేయాలన్న మనసు ఆయనకు ఉంటే జమ చేసే రోజు మీతో స్టేషన్‌కు రమ్మనండి. పెద్దమనిషి తోడుంటే అమ్మకూ బాగుంటుంది.

పాడుబావి మాట మాత్రం ఇంట్లో మళ్ళీ ఎత్తనివ్వకండి. ఆ తుపాకి సర్కారు రికార్డులో నంబరుతో సహా ఉంది. వచ్చే ఎన్నికలకు స్టేషన్‌లో లైసెన్సుదారుల జాబితా తీస్తే నాయన పేరు వస్తుంది, కానిస్టేబులు ఇంటికి వస్తాడు. తుపాకి ఏదమ్మా అంటే అమ్మ ఏం చెప్పాలి? బావిలోని తుపాకి పూడిక తీసేవాళ్ళకో, ఈత కొట్టే పిల్లలకో దొరికితే? అది ఏ నేరంలో బయటపడినా నంబరు పట్టుకుని మీ ఇంటికే వస్తారు. మీ ఆయన చెడ్డగా ఆలోచించి అన్న మాట కాదు, మిమ్మల్ని బాధ నుంచి తప్పించాలని అన్నది. ఆ మాటే ఆయనతో చెప్పి, సరైన పనిలో తోడు రమ్మని అడగండి.

ఇక అన్న. మన ప్రాంతంలో ఇంట్లో తుపాకి ఉండటం చాలాకాలం గౌరవం కింద లెక్క. ఆ గౌరవం కింద ఆడవాళ్ళు ఎన్ని రాత్రులు తలుపు చప్పుడుకు ఉలిక్కిపడ్డారో ఎవరూ లెక్కపెట్టలేదు. అది వేరే సంగతి. మీ అన్న పట్టుదల వెనుక అలాంటి దర్పం కంటే నాయన మీద బెంగ ఎక్కువ ఉందని నాకు అనిపిస్తోంది. పొలం చూసుకునేది అమ్మ, ఇల్లు, తాళాలు మీవి. దూరంలో ఉన్నవాడికి నాయనది అని చెప్పుకోవడానికి ఏం మిగిలింది? ఆ ఖాళీని ఆయన తుపాకితో నింపాలనుకుంటున్నాడు. కాబట్టి "చట్టం ఒప్పుకోదు" అన్న ఒక్క మాటతో ఫోన్ పెట్టేయకండి. ఇలా చెప్పి చూడండి: "అన్నా, తుపాకి నీకు రాకూడదని నేను అనడం లేదు. నువ్వు లైసెన్సుకు పెట్టుకో, నా సంతకం ఇస్తా, అమ్మతోనూ మాట్లాడతా. కానీ పార్శిల్ చెయ్యను. దొరికితే అమ్మ స్టేషన్‌లో కూర్చోవాలి. ఈ వారం నేను దాన్ని జమ చేస్తున్నా. నువ్వొస్తే నీ చేతుల మీదుగానే చేద్దాం." ఆయన అరవవచ్చు. నాయన ఉంటే ఇలా చేసేవాడా అనవచ్చు. ప్రతి ఎన్నికకూ వరుసలో నిలబడి జమ చేసి రసీదు తెచ్చుకున్న మనిషి ఏం చేసేవాడో ఆ ఫైలే చెబుతుంది, దాన్ని ఆయనకు చూపించండి. నాయన తోలు సంచి, తలపాగా, పొలం పుస్తకాలు లాంటివి ఉంటే ఈసారి వచ్చినప్పుడు ఆయన్నే ఎంచుకుని తీసుకోనివ్వండి. వాటికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు.

సంతకం ఇవ్వాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. అన్న కోపిష్టి, తాగుతాడు, ఇంట్లో గొడవలున్నాయి లాంటిది ఏదైనా మీకు తెలిసి ఉంటే, ఉత్తరంలో రాయకపోయినా, దాన్ని పక్కన పెట్టకండి. తుపాకి ఉన్న ఇంట్లో క్షణికమైన కోపం ఎక్కడికైనా పోగలదు. అలాంటిదేమీ లేదనుకుంటే సంతోషంగా సంతకం పెట్టండి. ఏది చేసినా ఆలోచించుకోవడానికి మీకు సమయం ఉంటుంది, తుపాకి అప్పటికి మీ ఇంట్లో ఉండదు కాబట్టి.

ఈ వారంలో చేయాల్సింది ఇదీ. బీరువా తెరిచి తుపాకిని మీరు పట్టుకోవద్దు, లోపల తూటా ఉందేమోనని విప్పి చూడొద్దు, తూటాల డబ్బా కదిలించొద్దు. అమ్మ పేరుతో స్టేషన్ ఎస్ఐకి ఒక అర్జీ రాయండి: నాయన ఎప్పుడు పోయారు, లైసెన్సు నంబరు, తుపాకి నంబరు, తూటాలు ఉన్నాయన్న సంగతి, జమ చేసుకోమన్న విన్నపం. మరణ ధ్రువపత్రం, లైసెన్సు పుస్తకం జిరాక్సులు జత చేయండి. అర్జీ కాపీ కలెక్టరేట్‌కు కూడా ఇవ్వండి, లైసెన్సు ఇచ్చింది వాళ్ళే కాబట్టి. తుపాకిని మీ స్కూటీ మీదో ఆటోలోనో తీసుకుపోకుండా, ఇంటికే వచ్చి తీసుకోమని ముందు ఫోన్ చేసి అడగండి. వచ్చినవాళ్ళు తుపాకిని ఖాళీ చేసి, తూటాలు మీ ముందే లెక్కపెట్టి తీసుకునేటట్టు చూడండి. రసీదులో తుపాకి కంపెనీ, బోరు, నంబరు, తూటాల లెక్క, తేదీ, స్టేషన్ ముద్ర అన్నీ ఉన్నాయో లేదో అక్కడే చదవండి, తరువాత అడిగితే దొరకదు. అసలు రసీదు అమ్మ దగ్గర పెట్టండి. ఫోటో తీసి అన్నకు పంపించండి, బెంగళూరులో దరఖాస్తు పెట్టేటప్పుడు తుపాకి ఎక్కడుందని అడిగితే ఆయన చూపించాల్సింది ఆ రసీదే.